చిన్న వయసులో గుండె ఆగిపోయే ముప్పు మీకుందా? ఇంట్లో అడగడం నుంచి ఈసీజీ దాకా ఏం చేయాలి

మీ వయసు 18కీ 40కీ మధ్య ఉందనుకుని రాస్తున్నా. గ్రౌండ్‌లో పరిగెత్తుతూ ఒకరు, బరాత్‌లో డీజే ముందు ఎగురుతూ ఇంకొకరు పడిపోయిన వీడియోలు వాట్సాప్‌లో చూసి చూసి, ఛాతీలో చిన్నగా చురుక్కుమన్నా టెన్షన్ పడుతున్నవాళ్లు మన నల్లగొండ, పాలమూరు వైపు చాలామందే ఉన్నారు. ఆ టెన్షన్‌లో నేరుగా హైదరాబాద్ పోయి వేలకు వేలు పోసి ఫుల్ బాడీ చెకప్ చేయించుకుంటారు. అందులో థైరాయిడ్ నుంచి విటమిన్ డి దాకా అన్నీ చూస్తారు గానీ, "మీ చిన్నాయన ఎట్ల చనిపోయిండు?" అని ఒక్కరూ అడగరు. మీ వయసులో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే ప్రశ్న అదే, పైగా దానికి పైసా ఖర్చు లేదు. అందుకే నేను చెప్పే పని ఇంట్లో మొదలవుతుంది, ఆస్పత్రి తర్వాత.

ముందు ఒక తేడా తెలియాలి. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. బోరు పైపులో అడ్డం పడి నీళ్లు రాకపోవడం ఒకటైతే, ఫేజ్ పోయి మోటారే తిరగకపోవడం ఇంకొకటి. గుండెపోటులో రక్తనాళం పూడుకుపోతుంది, మనిషి చాలావరకు స్పృహలోనే ఉండి నొప్పి అని చెప్పగలుగుతాడు. గుండె ఆగిపోవడంలో, అంటే కార్డియాక్ అరెస్టులో, గుండెను కొట్టించే కరెంటు లయ తప్పుతుంది, గుండె ఊరికే వణుకుతుంది, క్షణాల్లో స్పృహ పోతుంది. గుండెపోటు ముదిరి ఇలా ఆగిపోవడం 35 దాటినవాళ్లలో ఎక్కువ. 2023 జనవరి 27న కుప్పం పాదయాత్రలో నందమూరి తారకరత్న 39 ఏళ్లకే కుప్పకూలడం మీకు గుర్తుండే ఉంటుంది, అది తీవ్ర గుండెపోటే. 35 లోపువాళ్లలో లెక్క మారుతుంది. అక్కడ పుట్టుకతో వచ్చినవి, వంశంలో దిగేవి ముందుకొస్తాయి: గుండె కండరం మందంగా పెరిగే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, కరెంటు దారిలో లోపాలైన లాంగ్ క్యూటీ, బ్రుగాడా, డబ్ల్యూపీడబ్ల్యూ, గుండె రక్తనాళం పుట్టుకతోనే తప్పు చోట మొదలవడం. వీటికి తోడు వైరల్ జ్వరం తర్వాత గుండె కండరం వాచే మయోకార్డైటిస్. కండరం మందమయ్యే జబ్బు సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది, అంటే ఒక పెద్ద ఊళ్లో పదిమందికి ఉండొచ్చు. ఉన్నవాళ్లందరూ చనిపోరు, చాలామంది మామూలుగానే బతికేస్తారు. ఎవరికి ఉందో ముందే తెలిస్తే మందులు, జాగ్రత్తలు, అవసరమైతే లయ తప్పినప్పుడు షాకిచ్చి సరిచేసేలా ఛాతీలో పెట్టే చిన్న పరికరం ఉన్నాయి.

మొదటి పని: ఇంట్లో పెద్దవాళ్లను అడగండి

దసరాకో పీర్ల పండుగకో అందరూ ఊళ్లో కలిసినప్పుడు అమ్మమ్మను, నాయనమ్మను, మేనత్తను పట్టుకుని కూర్చోండి. తల్లి వైపు ఒక కాగితం, తండ్రి వైపు ఒకటి. మూడు తరాలు రాయండి. "మనింట్ల గుండె జబ్బులున్నయా?" అని అడిగితే మాత్రం "ఏం లేవు బిడ్డా" అనే జవాబే వస్తుంది, ఎందుకంటే వాళ్ల లెక్కలో గుండె జబ్బు అంటే ఆస్పత్రిలో స్టెంటు వేయించుకున్నవాళ్లే. ప్రశ్న మార్చాలి. "50 లోపు అనుకోకుండా చనిపోయినోళ్లు ఎవరున్నరు, ఎట్ల పోయిండ్రు?" అని అడగండి.

అప్పుడు అసలు సంగతులు బయటికొస్తాయి. "రాత్రి తిని పండుకున్నడు, తెల్లారి లేవలే" అంటారు. నిద్రలో మరణం బ్రుగాడాలో కనిపించే తీరు, అది మగవాళ్లలో ఎక్కువ. "గాలి తాకింది" అంటారు. "ఫిట్సొచ్చి పడ్డడు" అంటారు. గుండె లయ తప్పి మెదడుకు రక్తం అందకపోయినా కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, చూసేవాళ్లకు అది మూర్ఛ లాగే ఉంటుంది, ఏళ్ల తరబడి మూర్ఛ గోలీలు మింగుతూ ఒక్క ఈసీజీ కూడా తీయించుకోనివాళ్లు ఉంటారు. ఇంకొకటి, నన్నడిగితే మన వైపు అందరికంటే ఎక్కువ తప్పిపోయేది: "ఈత మంచిగొచ్చు, అయినా బాయిల మునిగిండు." లాంగ్ క్యూటీలో ఒక రకం సరిగ్గా ఈత కొడుతున్నప్పుడే ప్రాణం మీదికి తెస్తుంది. మునిగిన ప్రతివాళ్లకీ గుండె జబ్బని కాదు, తాగి దిగినవాళ్లూ ఉంటారు, కానీ ఈత బాగా వచ్చిన కుర్రాడు ఏ కారణం కనపడకుండా మునిగితే ఆ పేరు పక్కన గుర్తు పెట్టుకోండి. బండి మీద పోతూ ఎదురుగా ఏమీ లేకుండానే పడిపోయినవాళ్లదీ అంతే.

పాలమూరు ఇళ్లల్లో ఇంకో చిక్కుంది. బొంబాయికో పుణెకో బతకబోయి అక్కడ సైట్లో చనిపోయినవాళ్లు చాలా కుటుంబాల్లో ఉంటారు, కాగితం ఉండదు, కారణం తెలియదు. వాళ్లతో పాటు పనిచేసిన ఊరివాళ్లు ఎవరైనా ఉంటే అడగండి. పైనుంచి పడ్డాడా, కరెంటు షాక్ కొట్టిందా, ఉత్తగనే కూలబడ్డాడా అన్నది తెలిస్తే చాలు.

మేనరికాలు ఉన్న ఇళ్లయితే ఒక ప్రశ్న ఎక్కువ అడగండి. పుట్టు చెవుడు ఉన్న పిల్లలెవరైనా ఏడుస్తూనో ఉలిక్కిపడో స్పృహ తప్పుతున్నారా? చెవుడుతో కలిసి వచ్చే లాంగ్ క్యూటీ ఒకటుంది, తల్లిదండ్రులిద్దరి నుంచీ అదే లోపం దిగితేనే వస్తుంది కాబట్టి దగ్గరి సంబంధాల్లో దానికి అవకాశం ఎక్కువ. పుట్టుకతో చెవుడున్న ప్రతి బిడ్డకూ ఒక ఈసీజీ తీయించడం మంచిది. ఇందులో ఎవరినీ తప్పుపట్టే పనిలేదు, మేనరికం మీద ఇంట్లో పంచాయితీ పెట్టుకోకండి.

తండ్రికి, అన్నకు 55 లోపు, తల్లికి, అక్కకు 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే అది వేరే లెక్క. మీ కొలెస్ట్రాల్ ఇప్పుడే చూపించుకోండి. అందులో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 190 దాటితే వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్ కావచ్చు, అది సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది, తిండి తగ్గించడంతోనే పోదు, మందులు వాడాలి.

రెండో పని: మీ ఒంట్లో జరిగినవి గుర్తు చేసుకోండి

స్కూల్ అసెంబ్లీలో ఎండకు నిలబడి కళ్లు చీకట్లు కమ్మి, చెమటలు పట్టి మెల్లగా కూలబడటం, సూది చూసి పడిపోవడం చాలామందికి జరుగుతుంది, దాదాపుగా ప్రమాదం లేనిది. ఇవి మాత్రం వేరు:

- పరిగెత్తుతుండగానో, ఆటలోనో, ఈతలోనో స్పృహ తప్పడం. ఒక్కసారి జరిగినా చాలు, డాక్టరుకు చూపించేదాకా పరుగు బంద్.
- ముందు ఏ సూచనా లేకుండా, కూర్చునో పడుకునో ఉండగా స్పృహ పోవడం.
- ఫోన్ మోగినా, అలారం కొట్టినా, పటాకీ పేలినా ఉలిక్కిపడి పడిపోవడం.
- తోటివాళ్లు తేలిగ్గా ఎక్కే మెట్లకు మీకు మాత్రం ఆయాసం, శ్రమ చేస్తే ఛాతీలో బిగపట్టినట్టు ఉండి ఆగితే తగ్గడం.
- గుండె ఒక్కసారిగా దడదడ మొదలై, ఒక్కసారిగా ఆగడం.

చిన్నప్పుడు కీళ్లు ఒకటి తర్వాత ఒకటి వాచి జ్వరమొచ్చి, 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేయించుకుని మధ్యలో మానేసినవాళ్లు మీలో ఉంటే, గుండె కవాటాలు ఎలా ఉన్నాయో 2డీ ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించాలి. ఆడవాళ్లకు ఒకమాట: కాన్పుకు ముందు చివరి నెలలోనో, తర్వాత ఐదారు నెలల్లోనో పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు వస్తే "బాలింత కదా, నీరసం" అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తారు. కాన్పు తర్వాత గుండె కండరం బలహీనపడే జబ్బు నిజంగానే ఉంది, దానికీ ఎకో చేయాలి.

మూడో పని: ఈసీజీ తీయించండి, చదివించండి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలో మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ప్రభుత్వ జనరల్ ఆస్పత్రులున్నాయి, ఈసీజీకి హైదరాబాద్ దాకా పోవాల్సిన పనిలేదు. తీయించుకోవడం ఐదు నిమిషాల పని, చదివించుకోవడమే కష్టం. ఓపీలో డాక్టరుకు మీ ముందు యాభై మంది ఉంటారు. "ఊరికే చెకప్ సార్" అంటే ఆయన గుండెపోటు గుర్తుల కోసం చూసి నార్మల్ అని పంపేస్తారు, అది ఆయన తప్పు కూడా కాదు. మీరు ఇలా చెప్పండి: "సార్, మా చిన్నాయన 28 ఏళ్లకు నిద్రలో చనిపోయిండు, నాకు పరిగెత్తుతుంటే ఒకసారి స్పృహ తప్పింది, క్యూటీ, బ్రుగాడా, గుండె కండరం మందం ఉన్నాయేమో చూడండి." మీ సంగతి ఏదైతే అది. అప్పుడు ఆయన చూసే చూపే మారుతుంది.

కాగితం పైభాగంలో మెషీన్ అచ్చువేసే క్యూటీసీ అనే అంకె మీరూ చూసుకోవచ్చు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ కరెంటు మొదలై మళ్లీ సర్దుకునేదాకా పట్టే సమయం అది, మిల్లీసెకన్లలో ఉంటుంది. మగవాళ్లకు 450, ఆడవాళ్లకు 460 దాటితే గుండె డాక్టరును అడగాలి. 500 దాటితే ఆ రోజే అడగాలి. మెషీన్ తప్పు కొలవడం మామూలే కాబట్టి, అంకె చూసి మీకు మీరే జబ్బు అంటగట్టుకోకండి, డాక్టరు చేత్తో కొలవాలి. ఈసీజీ కాగితం వేడికి, వెలుతురుకు మాసిపోతుంది, తీసిన రోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఈసీజీ బాగుందంటే అన్నీ బాగున్నట్టేనా? కాదు. కండరం మందమయ్యే జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఈసీజీలో తేడా కనిపిస్తుంది గానీ అందరికీ కాదు, దాన్ని తేల్చేది 2డీ ఎకో. బ్రుగాడా ఒకరోజు కనిపించి ఇంకోరోజు కనిపించదు, జ్వరంలో బయటపడుతుంది. శ్రమ చేస్తేనే లయ తప్పే రకం విశ్రాంతిలో తీసిన ఈసీజీలో దొరకదు, దానికి ట్రెడ్‌మిల్ పరీక్ష. రక్తనాళం తప్పు చోట మొదలైతే ఎకోలో అనుమానం, సీటీ యాంజియోలో, అంటే రక్తనాళాల స్కాన్‌లో, నిర్ధారణ. అందుకే ఇంటి చరిత్రలోనో మీ ఒంట్లోనో గట్టి గుర్తు ఉంటే "ఈసీజీ నార్మల్" దగ్గర ఆగొద్దు. బీబీనగర్ ఎయిమ్స్‌కో హైదరాబాద్ నిమ్స్‌కో రాయించుకుని పొండి. గుర్తులేవీ లేకపోతే మాత్రం ఈ పరీక్షలన్నీ వరసబెట్టి చేయించుకోకండి, డబ్బు దండగ, లేని భయం.

జన్యు పరీక్ష గురించి అడుగుతారు. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాల ముక్క ఎగిరిపోయిన లోపం మన ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉందని 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇతరులతో కలిసి బయటపెట్టారు. అంత ఎక్కువమందిలో ఉంది కాబట్టే అది ఉన్నంత మాత్రాన రేపు పడిపోతామని కాదు, ఇబ్బంది వచ్చినా ఎక్కువగా నడివయసులో. ఇంట్లో ఒకరికి జబ్బు తేలాక, డాక్టరు చెబితే చేయించేదే జన్యు పరీక్ష.

నాలుగో పని: నోట్లోకి, సూదిలోకి పోయేవి చూసుకోండి

భారత వైద్య పరిశోధన మండలి 18 నుంచి 45 ఏళ్లవాళ్ల ఆకస్మిక మరణాల మీద దేశంలోని 47 ఆస్పత్రుల ద్వారా అధ్యయనం చేసి 2023లో ప్రచురించింది. కోవిడ్ టీకా వల్ల ముప్పు పెరగలేదు. పెంచినవి ఇవి: కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో ఆకస్మిక మరణం, చనిపోవడానికి ముందు 48 గంటల్లో అతిగా తాగడం, మత్తు పదార్థాలు, అదే 48 గంటల్లో ఒంటికి మించిన శ్రమ. టీకా మీద రచ్చబండ దగ్గర ఎవరైనా వాదన పెట్టుకుంటే ఈ సంగతి చెప్పండి, వినకపోతే వదిలేయండి.

అతిగా తాగడం అనగానే మన దగ్గర సీసాతో పాటు కల్లు కూడా లెక్కలోకి రావాలి. చెట్టు కల్లు సంగతి వేరు, దుకాణంలో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం, డయాజెపాం కలిపిన కల్తీ కల్లు సంగతి వేరు. క్లోరల్ హైడ్రేట్ మోతాదు మించితే నేరుగా గుండె లయనే చెడగొడుతుంది. ఏళ్లుగా అలవాటైనవాళ్లు ఒక్కరోజులో మానేస్తే ఫిట్స్, వింత ప్రవర్తన వస్తాయి, కాబట్టి డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా మాన్పించాలి.

జిమ్ పిల్లలు ప్రీ వర్కౌట్ పొడి, పైన ఎనర్జీ డ్రింక్, పైన కాఫీ అని కెఫిన్ మీద కెఫిన్ ఎక్కిస్తారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు గుండె కండరాన్ని కూడా మందం చేస్తాయి. కండలు తేలి కనిపించాలని ఒంట్లో నీరు తీసే గోలీలు వేసుకుంటే పొటాషియం పడిపోతుంది, లయ తప్పడానికి అది చాలు. ట్రెయినర్ ఇచ్చాడు కదా అని మింగకండి, ఆయన డాక్టరు కాదు.

ఆర్ఎంపీ దగ్గర ఇచ్చే మందుల విషయంలో భయం వద్దు గానీ ఎరుక కావాలి. అజిత్రోమైసిన్, లెవోఫ్లోక్సాసిన్, వాంతులకు ఇచ్చే ఒండాన్‌సెట్రాన్, తామరకు ఇచ్చే ఫ్లూకోనజోల్, మలేరియాకు ఇచ్చే క్లోరోక్విన్, ఇవన్నీ క్యూటీని సాగదీసే మందులు. మామూలు మనిషికి ఒక్కో మందు అంతగా ఏమీ చేయదు. పుట్టుకతో లాంగ్ క్యూటీ ఉన్నవాళ్లకు, లేదా వాంతులు విరేచనాలతో పొటాషియం పోయినవాళ్లకు రెండు మూడు కలిపి ఇస్తే ప్రమాదం. జబ్బు తేలినవాళ్లు వద్దన్న మందుల జాబితా డాక్టరు చేత రాయించుకుని పర్సులో పెట్టుకోండి, సూది వేసేముందు చూపించండి. బ్రుగాడా ఉన్నవాళ్లు జ్వరం రాగానే పారాసిటమాల్ వేసుకోవాలి, ఓర్చుకుని కూర్చోవద్దు.

సిగరెట్, గుట్కా, బీపీ, షుగర్ గురించి మీకు తెలిసిందే. 30కే బీపీ చూపించుకోండి, అంతే.

ఐదో పని: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారయ్యేవాళ్లు

నోటిఫికేషన్ పడగానే నల్లగొండ ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్ నుంచి పాలమూరు స్టేడియం దాకా తెల్లవారకముందే నిండిపోతాయి. 1600 మీటర్ల పరుగు మగవాళ్లకు గట్టి పరీక్షే. రెండేళ్లు కోచింగ్ రూములో కూర్చుని, ఒక్క నెల ముందు ఒంటిని చావగొట్టడమే ఇక్కడ అసలు చిక్కు. మొదలుపెట్టేముందే పైన చెప్పిన ప్రశ్నలు, ఒక ఈసీజీ అయిపోవాలి. తర్వాత నడక, నడక మధ్య పరుగు, వారం వారం కొంచెం పెంచడం. జ్వరం ఉన్న రోజు, తగ్గిన మరుసటి రోజు పరుగు వద్దు. మయోకార్డైటిస్ అని తేలితే మూడు నుంచి ఆరు నెలలు శ్రమ మొత్తం ఆపాలి, ఆ నోటిఫికేషన్ పోయినా సరే. ఒక్కరే పోయి పరిగెత్తకండి, పక్కన కనీసం ఒకరైనా గుండె నొక్కడం (సీపీఆర్) వచ్చినవాళ్లు ఉండాలి.

ఆరో పని: ఎవరైనా పడిపోతే

పిలిచినా పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు. ఈ రెండూ ఉంటే గుండె ఆగినట్టే అనుకోండి. గురక పెట్టినట్టు అడపాదడపా ఎగపీల్చడం ఊపిరి కాదు. మొదట్లో చేతులు కొట్టుకోవచ్చు, ఫిట్స్ అనుకుని చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, నోట్లో నీళ్లు పోయడం చేయకండి. 108కి కొట్టి ఫోన్ స్పీకర్‌లో పెట్టండి. వెల్లకిలా గట్టి నేల మీద పడుకోబెట్టి, ఛాతీ నడిమధ్యలో ఒక అరచేయి మీద ఇంకో అరచేయి పెట్టి, మోచేతులు వంచకుండా, పెద్దవాళ్లకు 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వండి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, లేకపోతే మీకు తెలియకుండానే నొక్కుడు తేలిపోతుంది. పక్కటెముక విరుగుతుందేమో అని ఆగకండి. గుండె లయను సరిచేసే మెషీన్ (డీఫిబ్రిలేటర్) షాక్ అందని ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది, మీ నొక్కుడు ఆ తగ్గుదలను నెమ్మదిస్తుంది. 2021 జూన్ 12న యూరో కప్ మ్యాచ్‌లో పడిపోయిన డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్‌ను బతికించింది ఇదీ, తర్వాత ఇచ్చిన షాకే. ఛాతీలో పరికరం పెట్టించుకుని ఆయన మళ్లీ మైదానంలోకి వచ్చాడు.

మన పొలాల్లో రెండు ప్రత్యేక సందర్భాలు. స్టార్టర్ దగ్గర షాక్ కొట్టి పడితే ముందు కరెంటు తీయాలి, తీయకుండా ముట్టుకుంటే ఇద్దరూ పోతారు. బాయిలోంచి తీసినవాళ్లకు ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి ఇచ్చి తర్వాత నొక్కాలి, పొట్ట నొక్కి నీళ్లు కక్కించే పని పెట్టుకోవద్దు.

ఇంట్లో ఒక చావు జరిగి ఉంటే

దుఃఖంలో ఉన్నప్పుడు చెప్పకూడని మాటే గానీ, పోస్ట్‌మార్టం వద్దని తొందరపడకండి. చేస్తే గుండెను ప్రత్యేకంగా చూడమని అడగండి, రిపోర్టు కాపీ తెచ్చుకోండి, పాత ఈసీజీలు, మందుల చీటీలు పారేయకండి. తర్వాత నెల లోపు తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు అందరూ ఈసీజీ, ఎకో చేయించుకోవాలి. కండరం మందమయ్యే జబ్బు తల్లికో తండ్రికో ఉంటే ఒక్కో బిడ్డకు సగానికి సగం అవకాశం. ఇప్పుడు ఎనిమిదేళ్ల పిల్లాడికి ఎకో బాగుందని వదిలేయకండి, అది ఎక్కువగా ఎదిగే వయసులో బయటపడుతుంది కాబట్టి ఏడాదికో రెండేళ్లకో మళ్లీ తీయించాల్సి ఉంటుంది, ఎప్పుడు రావాలో డాక్టరు చేత ఆ రిపోర్టు మీదే రాయించుకోండి.